తలపాగయు ఠాణాయును

నేరమును విచారించు హక్కు ప్రభుత్వమునకు కలదు. నిందితుని గుర్తులను నమోదు చేసికొను హక్కును కలదు. కాని నేరము రుజువు కాకమునుపే మనుష్యుని మానమును హరించు హక్కు ఏ ప్రభుత్వమునకును లేదు. ఈ సామాన్యధర్మమును అంగీకరించుటకు న్యూయార్కువంటి మహానగరమునకే సంవత్సరములకొలది వ్యాజ్యము అవసరమయ్యెను.

2017లో ఆ నగరపు పోలీసులు వేర్వేరు సందర్భములలో ఇద్దఱు ముస్లిము స్త్రీలను నిర్బంధించి, ఛాయాచిత్రము తీయుటకై వారి శిరోవస్త్రములను తొలగింపజేసిరి. పరపురుషులయెదుట శిరస్సును కప్పుకొనుట వారికి మతధర్మము. వారు 2018లో నగరముపై వ్యాజ్యము వేసిరి. 2020లో పోలీసుశాఖ తన నిబంధనను మార్చుకొని, ముఖము స్పష్టముగా కానవచ్చుచున్నంతవఱకు తలకప్పుతోనే చిత్రము తీయుటకు సమ్మతించెను. ముస్లిము స్త్రీలకే గాక, సిక్కుల తలపాగలకును, యూదుల టోపీలకును ఈ నిబంధన వర్తించును. 2024 ఏప్రిలులో, ఇట్లు అవమానింపబడిన వారందఱకును కలిపి 1 కోటి 75 లక్షల డాలర్లు చెల్లించుటకు నగరము ఒడంబడెను.

పోలీసులు చెప్పు కారణములు రెండు: తలగుడ్డలో ఆయుధము దాగియుండవచ్చును, ముఖమును గుర్తించుట కష్టము కావచ్చును. ఈ భయములు నిరాధారములని మేమనము. అయితే ఆయుధమును వెదకుటకు చాటైన గది యొకటి, స్త్రీలయెడల స్త్రీ ఉద్యోగి యొకతె చాలును. వెదకిన పిదప గుడ్డను తిరిగి ఇచ్చుటకు అడ్డమేమి? ఇక గుర్తుపట్టుట మాట. అమెరికా ప్రభుత్వమే తన పాస్‌పోర్టు చిత్రములలో ముఖము మఱుగుపడనంతవఱకు మతసంబంధమైన తలకప్పును అనుమతించుచున్నది. మన పాస్‌పోర్టుల విషయమునను అంతియే. దేశపు సరిహద్దులను దాటుటకు చాలిన చిత్రము ఠాణాలోని దస్తావేజునకు చాలదా?

గుడ్డముక్కకై ఇంత రభస యేల అని కొందఱు అడుగవచ్చును. మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రమే దీనికి సమాధానము. నేడు పాకిస్థానులోనున్న డేరా ఘాజీఖాను జైలులో సిక్కుల తలపాగలను, ఇతరుల గాంధీటోపీలను అధికారులు బలవంతముగా తీయింపగా, సిక్కు నాయకుడు బాబా ఖడక్ సింగు దానికి నిరసనగా తన కచ్చము దప్ప సమస్త వస్త్రములను విసర్జించెను. శిక్షాకాలమును పొడిగించినను లొంగక, ఎండకును చలికిని ఓర్చి, 1927లో విడుదలయగువఱకు అట్లే యుండెను. తనవారి తలపాగకొఱకే గాక అన్యుల టోపీకొఱకును ఆయన బాధపడెను. ఇతరుల గౌరవమునకై నిలువనివాడు తన గౌరవమును నిలుపుకొనజాలడని ఆయన చర్య చాటుచున్నది.

మన దేశమున 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు గుర్తింపు చట్టము నిందితుల ఛాయాచిత్రములను, కొలతలను 75 సంవత్సరములు భద్రపఱచుటకు వీలు కలిగించినది. పూర్వశిక్ష లేక నిర్దోషిగా విడుదలైనవాని వివరములు, న్యాయస్థానము వేఱుగా ఆదేశించిననే తప్ప, తొలగింపబడును. ఇంతకాలము నిలుచు చిత్రమును తీయునప్పుడు ఎంత జాగరూకత వలయునో వేఱుగ చెప్పనక్కఱలేదు. నిర్బంధింపబడిన స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగము రాకుండ సోదా చేయవలెనని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 49వ సెక్షను విధించుచున్నది. సోదాకు అవసరమైన మర్యాద చిత్రమునకు అనవసరమగునా?

కావున ఈ మర్యాద ఒక్కొక్క ఉద్యోగి దయాదాక్షిణ్యములకు విడువదగినది కాదు. సోదా చాటున జరుగవలెను. ముఖము కనబడునట్లు చిత్రము తీయవలెను. తలకప్పును వెంటనే మరల నీయవలెను. ఈ మూడు నియమములను ప్రతి ఠాణాలోను గోడకు వ్రాయించి తగిలింపవలెను. నేడు నిందితుడు పరాయివాడు. రేపు మన యింటివాడు కావచ్చును. ఠాణా గడపను దాటిన మాత్రమున మనుష్యుడు మనుష్యుడు కాకపోడు.