గాజులో కరువు లేదు

హిందూపురం నుంచి బెంగళూరు కాస్త అటూ ఇటూగా నూరు కిలోమీటర్లు. అంత పొడవు గాజు పోగులో ఈ కొసన వెలుగు వేస్తే ఆ కొసకు నూటికి ఒక వంతు మిగులుతుంది. ఇంతేనా అనకండి. గాజు పోగులో టెలిఫోన్ మాటలు పంపవచ్చని 1966లో ఇంగ్లండులో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ రాసినప్పుడు, ఒక్క కిలోమీటరు తర్వాత ఆ నూటికొక వంతు మిగిలితే చాలన్నారు. అప్పటి గాజుకు అదీ గగనమే. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ ఆ హద్దు దాటింది. కావోకు నోబెల్ రావడానికి మాత్రం 2009 దాకా ఆగాల్సి వచ్చింది!

ఆ పోగు వెంట్రుకంత సన్నం. వెలుగు నడిచే నడిమి భాగమైతే మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. ధర్మవరం చీరలో ఒక్కో రంగుకు ఒక్కో పోగు కావాలి. ఇక్కడ ఒకే పోగులో ఎనభై, తొంభై రంగులు కలిసి నడిచి, అవతల మళ్లీ వేటికవి విడిపోతాయి. అవి కంటికి కనిపించని రంగులు. ఒక్కోటి సెకనుకు 100 గిగాబిట్లు మోయగలదు. దారిలో నీరసించిన వెలుగును 1980ల చివర్లో వచ్చిన ఎర్బియం యాంప్లిఫయర్ కరెంటు సంకేతంగా మార్చకుండానే, రంగులన్నిటినీ ఒక్కసారే పుంజుకునేలా చేస్తుంది. 2024లో జపాన్ పరిశోధన సంస్థ ఎన్‌ఐసీటీ మామూలు ఫైబర్‌లోనే సెకనుకు 402 లక్షల కోట్ల బిట్లు పంపి చూపింది. అంటే ఒకసారి వేసిన తీగను మళ్లీ తవ్వనక్కర్లేదు. రెండు కొసల్లో వెలుగును పంపే, అందుకునే పెట్టెలు మారిస్తే చాలు.

మరి మన పల్లెలో వీడియో ఎందుకు ఆగి ఆగి వస్తుంది?

ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల తీగ లాగారు. రాయలసీమ రాతినేలలో కాలువ తవ్వే ఖర్చు తెలిసినవాళ్లెవరూ ఆ ఆలోచనను తప్పుపట్టరు. చిక్కల్లా స్తంభంతోనే. గాలికి అది ఒరిగినా, లారీ గుద్దినా, రోడ్డు వెడల్పులో పీకేసినా దానితోపాటే ఫైబర్ తెగుతుంది. కరెంటు తీగలా మెలిపెట్టి చుట్టేస్తే ఇది అతకదు. రెండు కొసలూ ఎదురెదురుగా నిలిపి, మిషన్‌తో కరిగించి అతకాలి. ఆ మిషన్, అది తెలిసిన మనిషి పట్నం నుంచి రావాలి.

పెనుకొండ దగ్గరి కియా లాంటి పెద్ద ఫ్యాక్టరీకి రెండు దారుల్లో ఫైబర్ తెచ్చుకునే స్తోమత ఉంటుంది. పల్లెకు ఉండేది సాధారణంగా ఒకటే దారి. అది తెగితే ధర్మవరం చుట్టుపక్కల నేతగాడు చీర ఫొటో కూడా పంపలేడు. కాబట్టి కొత్త పథకాల్లో డబ్బు పెట్టాల్సింది వేగం పెంచడం మీద కాదని నా అభిప్రాయం. ప్రతి మండలానికీ రెండో దారి, ఒక అతుకు మిషన్, ఇద్దరు శిక్షణ పొందిన కుర్రాళ్లు, కరెంటు పోయినా కొసనున్న పెట్టె ఆగకుండా ఒక బ్యాటరీ ముందు రావాలి.

ఈసారి కనెక్షన్ తీసుకునేటప్పుడు కేబుల్ ఆపరేటర్‌ను ఎన్ని ఎంబీపీఎస్ అని అడగండి, సరే. తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో కూడా అడగండి.