విద్యుచ్ఛక్తితో నడచు సరకుబండి

2022వ సంవత్సరపు వేసవిలో నేను అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమందున్న నా కుమారుని యింటికి పోయితిని. అచ్చట నేను చూచిన యొక క్రొత్త బండిని గూర్చి మీకు మనవి చేయుదును. అది ఫోర్డు సంస్థవారు ఆ యేటనే ప్రజల కందించిన ఎఫ్-150 లైట్నింగ్ అను పికప్ ట్రక్కు. ముందు మనుష్యులు కూర్చుండుటకు గదియు, వెనుక సరకు వేయుటకు మూతలేని తొట్టియు గల బండిని పికప్ అందురు. అక్కడి రైతునకు అది మన రెండెడ్ల బండి వంటిది.

మావాడు దానిని కొనదలచుటకు కారణము కలదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాసునందు ఘోరమైన మంచుతుపాను వచ్చి, లక్షలాది యిండ్లకు కరెంటు ఆగిపోయెను. ఆ విపత్తులో 246 మంది మృతి చెందినట్లు రాష్ట్ర ప్రభుత్వము లెక్క తేల్చినది. వెచ్చదనమునకై మూసిన షెడ్డులో పెట్రోలు కారు నడిపించుకొని, ఆ విషపుపొగచే ప్రాణములు కోల్పోయినవారును కలరు. మావాడు ఏడాది బిడ్డతో రెండు రాత్రులు చలిలో గడపెను. “నాన్నగారూ, ఈ బండి యింటికి కరెంటు ఇచ్చునట. మీరును వచ్చి చూడండి” అనెను. అంత ధనము పోయుట నా కిష్టము లేదు. అయినను వెంట వెళ్లితిని.

చూడగానే నాకు వింత యేమియు తోపలేదు. ముందు మూత యెత్తి చూపినప్పుడు మాత్రము ఆశ్చర్యపడితిని. ఇంజను ఉండవలసిన చోట ఖాళీ పెట్టె కలదు! అందులో సుమారు 180 కిలోలు, అనగా రెండు ధాన్యపు బస్తాలు, పెట్టవచ్చును. ముందు ఇరుసునకొకటి, వెనుక ఇరుసునకొకటి మోటార్లు కలవు. బ్యాటరీ అడుగున పలకవలె పఱచియున్నది. బండి బరువు సుమారు మూడు టన్నులు. ఎక్కి కూర్చుండగా, అది కదలిన సంగతి కిటికీలోనుండి చూచిన పిమ్మటగాని నాకు తెలియలేదు. అంత నిశ్శబ్దము.

పెద్ద బ్యాటరీలో 131 యూనిట్లు పట్టును. మన కరెంటు బిల్లులోని యూనిటే యిది. దినమునకు 30 యూనిట్లు వాడు యింటికి మూడు, నాలుగు దినములు చాలును. తొట్టిలోను, ముందు పెట్టెలోను సాకెట్లు కలవు. ఒక్కసారిగా 9.6 కిలోవాట్ల వరకు ఇచ్చును. కాని యిల్లంతటికి ఇయ్యవలెనన్నచో, వీధి తీగనుండి యింటిని వేరుపఱచు పరికరము వేరుగా కొనవలెను. అది లేనిచో కరెంటు వీధి తీగలోనికి ప్రవహించి, స్తంభమెక్కిన పనివాని ప్రాణము తీయును. మన పొలములలోని మూడు ఫేజుల మోటారును ఈ సాకెట్లకు తగిలింప వీలులేదు.

ఇక లోపము వినుడు. పెద్ద బ్యాటరీతో, బరువు లేకుండ, సుమారు 515 కిలోమీటర్లు పోవునని లెక్క. బరువైన ట్రైలరు తగిలించినచో అది దాదాపు సగమునకు దిగును. పెట్రోలు బండికిని బరువుతో ఖర్చు హెచ్చును గాని, దానిని క్షణములో నింపుకొనవచ్చును. దీనికి వేగముగా నింపు చోటునందును, నూటికి 15 వంతులనుండి 80 వంతులగుటకు సుమారు 40 నిమిషములు పట్టును.

“నాయనా, నీవు ట్రైలరు లాగుదువా?” అని అడిగితిని. లేదనెను. “అట్లయిన కొనుము. ఆ పరికరపు వెలను గూడ లెక్కలో చేర్చుకొనుము. ధనము చాలకున్నచో సాకెట్టునుండి తీగ లాగి ఒక్క గది వెచ్చజేసికొన్నను బిడ్డకు చలి తప్పును” అంటిని.

కొనువారు తలంచినంతమంది రానందున ఈ బండి నిర్మాణమును ఆపుచున్నట్లు 2025 డిసెంబరులో ఫోర్డువారు ప్రకటించిరి. అయినను ఇట్టి బండ్లు మనకును దూరము కావు. మన యూళ్లలో తిరుగు టాటా ఏస్ బండికి 2022లోనే విద్యుత్ రూపము వెలువడినది. మీ పిల్లలు అట్టిదానిని కొనదలచినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు: నిండు బరువుతో ఎంత దూరము పోవును? మన యింటి కరెంటుతో నింపుటకు ఎన్ని గంటలు పట్టును? అవసరమునకు కరెంటు తిరిగి ఇచ్చునా? సంతలో ఎద్దును బరువు లాగించి చూచిన పిమ్మటనే గదా మనము బేరమాడుదుము!