వంకర వెన్ను... వాటమైన దెబ్బ!

గోల్ఫ్ నేర్పే పుస్తకం ఏది తిరగేసినా ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. నిటారైన వెన్ను, దాని చుట్టూ గుండ్రంగా తిరిగే భుజాలు, దెబ్బ కొట్టేశాక ఫొటో కోసం నిలబడ్డట్టు ఠీవిగా ఆటగాడు. ఆ బొమ్మ పక్కన సాహిత్ తీగల ఫొటో పెట్టి చూడండి. పొంతనే కుదరదు! బంతికి కర్ర తగిలే సమయానికి అతని ఒళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. చూసేవాళ్ళకి ‘అయ్యో, పడిపోతాడేమో’ అనిపిస్తుంది. పడిపోడు. బంతి మాత్రం దాదాపు 300 గజాల అవతల పడుతుంది.

అది స్టైల్ కాదు, అలవాటూ కాదు. అతని వెన్నెముకే అలా ఉంది. చిన్నప్పటినుంచీ స్కోలియోసిస్... అంటే వెన్నెముక పక్కకు వంగి ఉండటం. అలాంటి వెన్నుతో 2023 సెప్టెంబరులో, పాతికేళ్ళ వయసులో, కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళెందరో తలపడే పీజీఏ టూర్‌లో అదే అతని మొదటి టైటిల్.

పేరును బట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది... మనవాడే. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. అతను పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. ఇంటిపేరు తీగల కావడం మాత్రం భలే కుదిరింది. తీగ నిటారుగా పెరగదు కదా!

రేవుకెళ్తే తెలుస్తుంది

‘గోల్ఫా? అది డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకు?’ అనుకోవచ్చు. నిజమే. నాయుడుపేట నుంచి గోల్ఫ్ మైదానం చూడాలంటే చెన్నైకో హైదరాబాద్‌కో బస్సెక్కాలి. కానీ ఆ దెబ్బలోని కిటుకు మాత్రం మన ఊళ్ళోనే ఉంది. స్వర్ణముఖిలో నీళ్ళు పారే రోజుల్లో రేవులో బట్టలుతకడం చూసినవాళ్ళు ఒక్కసారి గుర్తుచేసుకోండి.

నీళ్ళోడుతున్న దుప్పటి అసలే బరువు. దాన్ని చేతులతో ఎత్తి బండకేసి బాదుతున్నట్టే పైకి కనిపిస్తుంది. చేతులు వదిలేసి కాళ్ళవైపు చూడండి. దుప్పటి భుజం మీదుగా వెనక్కి వెళ్ళినప్పుడు ఒంటి బరువంతా వెనక కాలి మీద ఉంటుంది. దుప్పటి ఇంకా వెనకే ఉండగానే ముందు కాలు నేలను గట్టిగా తొక్కుతుంది. ఆ తర్వాత తుంటి తిరుగుతుంది. దాని వెంటే భుజాలు, వాటి వెంట చేతులు, చిట్టచివరికి దుప్పటి కొస. ఠప్పుమని శబ్దం వచ్చేది ఆ కొస దగ్గరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందల దెబ్బలు అలాగే పడతాయి. చేతుల బలంతో మాత్రమే కొడితే గంటకే భుజాలు లాగేస్తాయి.

గోల్ఫ్ స్వింగ్ కూడా అచ్చం ఇంతే. బలం పుట్టేది నేల దగ్గర. పాదం నేలను తొక్కితే, నేల తిరిగి పాదాన్ని నెడుతుంది. ఆ నెట్టుడు కాళ్ళలోంచి తుంటికి, తుంటి నుంచి మొండేనికి, అక్కణ్నుంచి భుజాలకు, చేతులకు, ఆఖరికి కర్ర తలకాయకు చేరుతుంది. ఒంటికి సెన్సర్లు కట్టి కొలిచిన నిపుణులు ఇందులో ఒక తమాషా గమనించారు. మంచి ఆటగాళ్ళలో తుంటి అందరికంటే ముందు వేగం అందుకుని వెంటనే నెమ్మదిస్తుంది. అది నెమ్మదించగానే మొండెం వేగం పెరుగుతుంది. మొండెం నెమ్మదించగానే చేతులు, చేతులు నెమ్మదించగానే కర్ర. కిక్కిరిసిన బస్సుకు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలతారే... అదే సూత్రం. కిందది ఆగితేనే పైది దూసుకెళ్తుంది.

ఇదంతా ఎంతసేపట్లో జరుగుతుందనుకున్నారు? పైకెత్తిన కర్ర కిందికి దిగి బంతిని చేరడానికి దాదాపు పావు సెకను. ప్రొఫెషనల్ ఆటగాడి కర్ర తల అప్పటికి గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. 46 గ్రాములు కూడా నిండని బంతికి అది అంటుకుని ఉండేది సెకనులో రెండువేలో వంతు! ఆలోచించి సరిదిద్దుకునే వ్యవధి ఎక్కడుంది? అందుకే బుర్రకంటే ముందు ఒంటికి నేర్పాలి.

కొత్తగా కర్ర పట్టినవాళ్ళంతా చేసే పొరపాటు ఒకటే. బంతిని చూడగానే చేతులు తొందరపడతాయి. కాళ్ళూ తుంటీ కదలకముందే భుజాలు ముందుకొచ్చేస్తాయి. వరస తప్పిపోతుంది. ఎంత కండబలం ఉన్నా బంతి పక్కకే పోతుంది.

నడుం తిరగదు!

‘నడుం తిప్పి కొట్టు’ అంటుంటారు చాలామంది. వినడానికి బాగానే ఉంటుంది, నడుముకే నచ్చదు. నడుం భాగంలో ఉన్నవి ఐదు వెన్నుపూసలు. అవన్నీ కలిసినా పక్కకు తిరగగలిగేది పది పదిహేను డిగ్రీలే. ముందుకీ వెనక్కీ వంగడానికి అనువుగా ఉంటాయి కానీ మెలితిరగడం వాటి పని కాదు. తిరగాల్సినవి పైనున్న ఛాతీ భాగం వెన్ను, కిందనున్న తుంటి కీళ్ళు. గోల్ఫర్ కర్రను వెనక్కి తీసుకెళ్ళినప్పుడు భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరిగితే తుంటి దాదాపు 45 డిగ్రీలు తిరుగుతుంది.

రోజంతా కుర్చీలో, మిగిలిన సమయం మోటారుసైకిల్ మీద గడిపేవాళ్ళకు తుంటి బిగుసుకుపోతుంది. ఛాతీ భాగం ముందుకు వాలిపోతుంది. అప్పుడు ఆ రెండూ చేయాల్సిన పని మధ్యలో ఉన్న నడుం మీద పడుతుంది. గోల్ఫ్ ఆడేవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు నడుంనొప్పి కావడానికి ఇదో ముఖ్య కారణం. టైగర్ వుడ్స్ అంతటివాడికే వెన్నుకు పదేపదే ఆపరేషన్లయ్యాయి. 2017లో నడుం దగ్గర పూసలను కలిపి అతికించారు. ఆ తర్వాత 2019లో, 43 ఏళ్ళ వయసులో, మళ్ళీ మాస్టర్స్ గెలిచాడనుకోండి... అది వేరే కథ.

మన పెద్దవాళ్ళు నేలమీద బాసింపట్టు వేసుకుని భోంచేసేవాళ్ళు. గొంతుక్కూర్చుని పనులు చేసేవాళ్ళు. చేతులు ఆనించకుండా లేచేవాళ్ళు. ఎవరూ దాన్ని వ్యాయామం అనుకోలేదు. తుంటి కీళ్ళు మాత్రం రోజుకు పదిసార్లు పూర్తిగా ముడుచుకుని విచ్చుకునేవి. డైనింగ్ టేబుల్ వచ్చాక ఆ కాస్తా పోయింది.

బంతికి కళ్ళుండవు

ఇప్పుడు సాహిత్ దగ్గరికొద్దాం. వెన్ను పక్కకు వంగినప్పుడు ఒళ్ళు తిరిగే ఇరుసు కూడా పక్కకు ఒరుగుతుంది. మరి బంతి తిన్నగా ఎలా వెళ్తోంది? సమాధానం చాలా తేలిక. బంతికి కళ్ళుండవు! కొట్టేవాడు అందంగా ఉన్నాడా, ఒంకరగా ఉన్నాడా అన్నది దానికి తెలియదు. ఆ సెకనులో రెండువేలో వంతు కాలంలో కర్ర ముఖం ఎటు చూస్తోంది, ఎటునుంచి ఎంత వేగంతో వస్తోంది, బంతికి ఎక్కడ తగిలింది... దానికి తెలిసేవి ఇవే.

జిమ్ ఫ్యూరిక్ అనే అమెరికా ఆటగాడున్నాడు. అతను కర్ర ఎత్తితే గాలిలో మెలికల ముగ్గు వేసినట్టే ఉంటుంది. కామెంటేటర్లు నవ్వుకునేవాళ్ళు. అతనికి ఆట నేర్పింది తండ్రే. ఆ మెలికలతోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో ఒకే రౌండును 58 దెబ్బల్లో ముగించాడు. పీజీఏ టూర్‌లో అంత తక్కువలో ముగించినవాడు అంతకుముందు లేడు. మెలికలెన్ని ఉన్నా బంతి దగ్గరికొచ్చేసరికి కాలు, తుంటి, మొండెం, చేతులు... అదే వరస. వరస అందరికీ ఒకటే. వాటం మాత్రం ఎవరిది వాళ్ళదే.

సాహిత్ కూడా పుస్తకంలో బొమ్మలా మారిపోలేదు. ఆ ఒరుగుతోనే ఎదిగాడు. దారేమీ పూలబాట కాదు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో ఉండగా మణికట్టుకు ఆపరేషనై 2018-19 సీజన్ మొత్తం పోయింది. తిరిగొచ్చి 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో అత్యున్నతమైన హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడింటినీ కైవసం చేసుకున్నాడు. 2022 ఫీనిక్స్ ఓపెన్‌లో గెలుపు అందినట్టే అంది, 17వ హోల్ దగ్గర బంతి ఎగిరి నీళ్ళలో పడింది. కన్నీళ్ళు పెట్టుకున్నాడు. 2023లో తొలిసారి ఆడిన మాస్టర్స్‌లో తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌కు అమెరికా జట్టులో చోటు దక్కించుకున్నాడు.

2025లో మెడ, పక్క కండరాలు మొరాయించాయి. కొన్ని వారాలు ఆటకు దూరం కావాల్సి వచ్చింది. వాటం ఎవరిది వాళ్ళదే కానీ దాని ఖర్చు కూడా ఉంటుంది. ఒళ్ళు మామూలుగా ఉన్నవాడికంటే ఇలాంటివాడు కండరాలను ఇంకాస్త జాగ్రత్తగా కాచుకోవాలి. పరుగులరాజు ఉసేన్ బోల్ట్‌దీ ఇదే సమస్య. అతని వెన్ను కూడా వంకరే. పొట్ట, నడుం చుట్టూ ఉన్న కండరాలను బలపరచుకుంటూనే 2009లో వంద మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు.

పిల్లల వీపు చూశారా?

‘ఒరేయ్, తిన్నగా నిలబడరా’, ‘ఆ భుజం ఏంటే అలా పైకెత్తుతావ్’ అని మనం పిల్లల్ని కోప్పడుతుంటాం. కొందరి విషయంలో అది నిర్లక్ష్యం కాదు, స్కోలియోసిస్. పదినుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. ఇది గూని కాదు. గూని ముందుకు వంగడం, ఇది పక్కకు వంగి కాస్త మెలితిరగడం. ఎక్కువమందిలో కారణం తెలియదు. పుస్తకాల సంచి మోయడంవల్ల వస్తుందన్నది నిజం కాదు. వంపు పెరిగే అవకాశం ఆడపిల్లల్లో ఎక్కువ.

ఇంట్లో గమనించడం సులువే. చొక్కా లేకుండా, ఆడపిల్లలైతే పల్చటి బనీనుతో, పాదాలు దగ్గరపెట్టి నిలబడమనండి. రెండు చేతులూ జోడించి మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగమనండి. మీరు వెనకనుంచి చూడండి. వీపు ఒకవైపు గుట్టలా లేచి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రేలో వంపు పది డిగ్రీలు, అంతకుమించి ఉంటేనే స్కోలియోసిస్ అంటారు. తక్కువుంటే కొన్ని నెలలకోసారి చూసుకుంటే చాలు. ఎదిగే పిల్లల్లో 25 డిగ్రీలు దాటితే బెల్టులాంటి బ్రేస్ వేస్తారు. 45-50 డిగ్రీలు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నాయుడుపేటవాళ్ళకు దూరమేమీ కాదు... తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికే ఉంది.

చాలా ఇళ్ళలో ఈ సంగతి తెలియగానే చేసే మొదటి పని ఆటలు మాన్పించడం. ముఖ్యంగా ఆడపిల్లలకి. పెళ్ళిచూపుల దాకా ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టేవాళ్ళూ ఉన్నారు. దాచితే వంపు ఆగదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఈ పిల్లలు మిగతావాళ్ళలాగే ఆడుకోవచ్చు.

బూజుకర్ర చాలు

గోల్ఫర్లు జిమ్‌లో చేసే కసరత్తుల్లో సగం మన ఇంట్లో చేసుకోదగ్గవే. కర్ర పట్టే ఉద్దేశం లేకపోయినా నడుముకు మంచివి. కాలికి జాలువారే నొప్పి, తిమ్మిరి ఉన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

బూజుకర్రను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకోండి. తల వెనక, వీపు పైభాగం, నడుం కింద చివరి ఎముక... ఈ మూడుచోట్లా కర్ర తగలాలి. మోకాళ్ళు కాస్త సడలించి, పిరుదులను వెనక్కి నెడుతూ ముందుకు వంగండి. మూడింటిలో ఒక్కచోట కర్ర ఎడమైనా వంగింది తుంటి దగ్గర కాదు, నడుం దగ్గరన్నమాట. గోల్ఫర్ బంతి ముందు నిలబడేది ఈ వంపుతోనే. బిందె ఎత్తాల్సింది కూడా ఇలాగే.

తర్వాత కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. అదే కర్రను భుజాల మీద అడ్డంగా పెట్టుకుని కుడికీ ఎడమకీ నెమ్మదిగా తిరగండి. దిండు కదలకూడదు. ఛాతీ భాగం ఎంత బిగుసుకుపోయిందో మొదటిరోజే తెలిసిపోతుంది. కాళ్ళకు గుంజీలు, పిరుదుల కండరాలకు సేతుబంధాసనం ఉండనే ఉన్నాయి. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటే నిలకడా వస్తుంది. ఇంట్లోవాళ్ళు నవ్వినా ఫర్వాలేదు.

ఇల్లు కట్టేచోట ఇటుకలు అందించుకునే వరసను గమనించండి. పాతకాపులు ఇటుక అందుకుని పక్కకు తిరిగేటప్పుడు మడమ లేపి పాదాన్ని కూడా తిప్పుతారు. కొత్తవాళ్ళు పాదాలు నేలకు అతికించి నడుమొక్కటే తిప్పుతారు. సాయంత్రానికి మూలిగేది వీళ్ళే.

ఆఖరిది ఆరుబయట చేయాలి, పిల్లలు దూరంగా ఉండాలి. తువ్వాలును తడిపి పిండి, కొసన ముడివేయండి. రెండో కొసను రెండు చేతులతో పట్టుకుని గోల్ఫ్ కర్రలా వెనక్కి తీసుకెళ్ళి, ముందు కాలు తొక్కి, తుంటి తిప్పి ఊపండి. సుయ్‌మన్న శబ్దం ఎక్కడొస్తోందో వినండి. భుజం పక్కనే వస్తే చేతులు తొందరపడ్డట్టు. బంతి ఉండాల్సిన చోట, కాళ్ళ ముందు నేల దగ్గర వస్తే వరస కుదిరినట్టు.