మీకు తెలుసా? కొత్త విల్లు వేళ్లకు గిట్టదు!

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ వేళ్లు వింటినారిని తాకనే తాకవు. కప్పీలుండే కాంపౌండ్ విల్లు పోటీల్లో నారికి కట్టిన చిన్న ఉచ్చులో రిలీజ్ ఎయిడ్ అనే పరికరం కొక్కేన్ని తగిలించి లాగుతారు. గురి కుదిరాక నారిని వదిలేది ఆ పరికరమే. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ ఆడే, కప్పీలు లేని రికర్వ్ విల్లు పోటీల్లో ఆ సౌకర్యం నిషిద్ధం. అక్కడ ట్యాబ్ అనే రక్షణ తొడుగు వేసుకున్న వేళ్లే దిక్కు.

మరి కాంపౌండ్‌నూ వేళ్లతోనే లాగాలని ముచ్చటపడితే? భేషుగ్గా లాగొచ్చు. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్‌కు ఈ కప్పీల విల్లుపై 1969లో పేటెంట్ వచ్చింది. ఆ తొలినాళ్లలో చాలామంది వేళ్లతోనే వేసేవారు. అమెరికాలో జాతీయ ఫీల్డ్ ఆర్చరీ సంఘం (ఎన్‌ఎఫ్‌ఏఏ) పోటీల్లో అలాంటివారికి ‘ఫ్రీస్టైల్ లిమిటెడ్’ అనే విభాగం ఇప్పటికీ ఉంది. చిక్కల్లా విల్లు ఎంపికలోనే! దుకాణంలో గొప్పగా చెప్పే గుణాలే వేళ్లకు శత్రువులు.

అన్నిటికన్నా ముఖ్యం పొడవు. ఒక కప్పీ ఇరుసు నుంచి రెండో దాని ఇరుసు దాకా కొలుస్తారు. ఇప్పటి వేట విల్లులు చాలావరకు 28 నుంచి 33 అంగుళాలే. అంత పొట్టి విల్లును పూర్తిగా లాగితే నారి మరీ ఇరుకు కోణంలో వంగి వేళ్లను నొక్కేస్తుంది. పైగా వేళ్లు నారిని కాస్త మెలితిప్పినా ఆ తేడా బాణం మీద పడుతుంది. ఒక్కోసారి నారి కప్పీ గాడి నుంచే జారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు 40 అంగుళాలకు అటూ ఇటూ ఉన్నవి వెతుక్కుంటారు.

రెండోది లెట్-ఆఫ్, అంటే పూర్తిగా లాగాక చేతికి తగ్గే బరువు. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే చేతిలో నిలిచేది 12 పౌండ్లే. వినడానికి హాయిగా ఉంటుంది కానీ, అంత వదులు నారి వేళ్ల నుంచి చప్పున విడిపోదు, పక్కకు ఒరుసుకుంటూ జారుతుంది. 65 శాతమైతే 21 పౌండ్లు నిలుస్తాయి. వేళ్లకు ఆ బిగువు కావాలి.

వేళ్ల మీదుగా జారిన నారి బాణాన్ని పక్కకు వంచుతుంది కాబట్టి, బాణానికి పక్క నుంచి ఆసరా ఇచ్చే స్ప్రింగు ప్లంజర్ బిగించుకోవడం మేలు.

ఇన్ని కుదిరేవి ఎక్కువగా పాత మోడళ్లలోనే దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే కొమ్ముల మీద పగుళ్లు, నారి పోగులు చూసుకోండి. బేరం కుదిరినా కుదరకపోయినా, బాణం పెట్టకుండా మాత్రం నారిని లాగి వదలకండి, విల్లు విరిగిపోవచ్చు.