తాత పేరు, కొత్త పేరు

ఇంట్లో మగబిడ్డ పుట్టాడు. అందరికీ సంతోషమే. ఇక పేరు మాట వచ్చింది. "తాత పేరే పెట్టాలి" అంటుంది నాయనమ్మ. "బళ్లో పిల్లలు నవ్వుతారు. ఈ కాలం పేరు పెడదాం" అంటాడు తండ్రి. తల్లిని మాత్రం ఎవరూ అడగరు.

పాత పేర్లు ఎక్కడివి?

కోనసీమలో పాత పేర్లు చాలావరకు దేవుళ్ల పేర్లే. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి పేరున నరసింహమూర్తి. పలివెల కొప్పేశ్వరస్వామి పేరున కొప్పేశ్వరరావు. అన్నవరం స్వామి పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణస్వామి. వి.వి. సత్యనారాయణ అంటే అదే. క్రైస్తవుల ఇళ్లలో దావీదు, ఏసుదాసు వంటి పేర్లు ఉంటాయి.

బిడ్డలు పుట్టి పుట్టి పోతుంటే పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవారు. అలాంటి పేరు పెడితే బిడ్డ బతుకుతాడని నమ్మేవారు. బిడ్డను కాపాడేది పేరు కాదు. తల్లిపాలు, టీకాలు.

రెండూ కలపవచ్చు

తాత పేరు నరసింహమూర్తి. తండ్రికి కిరణ్ అనే పేరు ఇష్టం. అప్పుడు నరసింహ కిరణ్ అని పెట్టవచ్చు. తాత సూర్యనారాయణ అయితే సూర్యతేజ అనవచ్చు. పెద్దల మాటా నిలుస్తుంది, చిన్నవాళ్ల ముచ్చటా తీరుతుంది.

1998లో లోక్‌సభ స్పీకర్ అయిన బాలయోగి కోనసీమ బిడ్డే. ఆయన పూర్తి పేరు గంటి మోహనచంద్ర బాలయోగి. గంటి ఇంటిపేరు. మోహనచంద్ర, బాలయోగి రెండూ కలిసి ఆయన పేరు.

పేరు మరీ పొడుగు కాకుండా చూడాలి. పొడుగు పేరును ఒక కాగితంలో పూర్తిగా రాస్తారు. ఇంకో కాగితంలో పొడి అక్షరాలు రాస్తారు. "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని తర్వాత ఆఫీసులో అడుగుతారు.

కోడలు మామగారి పేరు పెట్టి పిలవదు. అందుకే ఆ పేరున్న బిడ్డను బుజ్జి, చంటి, అబ్బులు అంటారు. ముద్దుపేరు తప్పు కాదు. బళ్లో అదే పేరు రాయిస్తేనే చిక్కు.

కాగితం మీద పేరు

బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు జననం నమోదు చేయించాలి. ఊళ్లో పంచాయతీలో, అమలాపురం వంటి పట్నంలో మున్సిపాలిటీలో నమోదు చేస్తారు. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్లే తెలియజేస్తారు. అప్పటికి పేరు పెట్టకపోయినా ఫరవాలేదు. ఏడాది లోపు పేరు రాయిస్తే రుసుం లేదు. ఆ తర్వాత రుసుం కట్టి 15 ఏళ్ల లోపు రాయించుకోవచ్చు.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటుకు పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే. అందుకే పత్రం చేతికి రాగానే చదవాలి. బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ సరిగా ఉన్నాయా? తప్పుంటే వెంటనే దిద్దించాలి.

బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ పేరు రాస్తారు. ఇన్నాళ్లూ తల్లి పక్కన కూర్చుని చూసేది. ఇప్పుడు ఆమెకూ అక్షరాలు వచ్చు. మీ ఇంట్లో బియ్యంలో పేరు ఎవరు రాస్తారు?