వైద్యంలో నిర్లక్ష్యం అంటే ఏమిటి? ఒక జ్వరం కేసు నేర్పే పాఠం

వానలు మొదలైతే చాలు, బాలానగర్, ఫతేనగర్, జీడిమెట్ల, కూకట్‌పల్లి వైపుల నుండి జ్వరంతో వచ్చేవారితో మన ఓపీ నిండిపోతుంది. వారిలో లేతు షాపుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు చాలామంది. నాలుగు రోజులు పనికి పోకపోతే ఇల్లు గడవడం కష్టం. మందులు వాడినా జ్వరం తగ్గనప్పుడు వారి నోట వచ్చే మాట ఒకటే: "డాక్టరు సరిగా చూశారో లేదో మాకు ఎలా తెలుస్తుంది?" ఇది అడగవలసిన ప్రశ్నే. దీనికి మన దేశపు న్యాయస్థానాలు ఏమి సమాధానం చెప్పాయో తెలుసుకుందాము.

డాక్టరు బాధ్యత ఎక్కడ మొదలవుతుంది?

1968లో మహారాష్ట్ర నుండి వచ్చిన ఒక కేసులో సుప్రీం కోర్టు మూడు బాధ్యతలను చెప్పింది. ఈ రోగిని తాను చూడగలడా లేదా అని డాక్టరు జాగ్రత్తగా నిర్ణయించుకోవాలి. ఏ చికిత్స ఇవ్వాలో జాగ్రత్తగా నిర్ణయించాలి. ఆ చికిత్సను జాగ్రత్తగా చేయాలి. రోగిని చూడటానికి ఒప్పుకున్న క్షణం నుండి ఈ బాధ్యత డాక్టరు మీద ఉంటుంది.

ఎంత జాగ్రత్త? ఇంగ్లాండులో 1957లో వచ్చిన బోలమ్ తీర్పును అనుసరించి, మన సుప్రీం కోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో దీనిని వివరించింది. అందరికంటే గొప్ప నిపుణుడి స్థాయి అవసరం లేదు. అదే వృత్తిలో ఉన్న సాధారణ సమర్థుడైన డాక్టరు చూపే నైపుణ్యం, జాగ్రత్త ఉంటే చాలు. చికిత్స ఫలించనంత మాత్రాన, ప్రాణం పోయినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. రెండు సరైన పద్ధతులు ఉన్నప్పుడు డాక్టరు ఒకదానిని ఎంచుకోవడం కూడా తప్పు కాదు.

హైదరాబాదులో జరిగిన కేసు

అయితే తప్పు ఎక్కడ అవుతుంది? మన నగరంలోనే జరిగిన ఒక కేసు దీనిని చక్కగా చూపిస్తుంది. 2002 జూలైలో చలితో, వచ్చి పోయే జ్వరంతో బాధపడుతున్న ఒక స్త్రీని ఆమె భర్త నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌లో చేర్పించారు. అక్కడ టైఫాయిడ్ అనుకుని చికిత్స చేశారు. మందులకు గుణం కనిపించలేదు, పరిస్థితి రోజురోజుకు దిగజారింది. చివరకు ప్రాణాపాయ స్థితిలో మరో ఆసుపత్రికి తరలించారు. అక్కడ చేసిన రక్తపరీక్షలో మలేరియా క్రిములు కనిపించాయి. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఆమె బ్రతకలేదు.

జిల్లా వినియోగదారుల ఫోరం భర్తకు 2 లక్షల రూపాయల నష్టపరిహారం, బిల్లు సొమ్ములో 10,000 రూపాయలు ఇప్పించింది. రాష్ట్ర కమిషన్ దానిని కొట్టివేసింది. నిపుణుడైన వైద్యుని సాక్ష్యం లేదన్నది కారణం. జాతీయ కమిషన్ కూడా అదే అన్నది. ఆయన పట్టు విడువక సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 2010 మార్చి 8న సుప్రీం కోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదని, విషయం క్లిష్టమైనప్పుడే అది అవసరమని, నిర్లక్ష్యం తేటతెల్లంగా కనిపిస్తున్నప్పుడు అది లేకుండానే తీర్పు చెప్పవచ్చని తేల్చింది.

ఈ కేసులో మాకు కనిపించే పాఠం ఇది: మొదటి రోజు అనుమానం తప్పు కావడం ఏ డాక్టరుకైనా జరగవచ్చు. కాని చలి జ్వరం కళ్ళ ఎదుట ఉండి, ఇచ్చిన మందు పనిచేయనప్పుడు, "మరి ఇది ఇంకేమైనా కావచ్చునా?" అని తిరిగి ఆలోచించాలి. జాగ్రత్త అంటే అదే.

ఉచిత వైద్యం సంగతి

"డబ్బు కట్టలేదు కదా, మాకు అడిగే హక్కు ఉంటుందా?" అని కొందరు సంకోచిస్తారు. 1995లో సుప్రీం కోర్టు దీనికి సమాధానం చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం క్రిందకు రావు. కొందరి వద్ద ఫీజు తీసుకుని, పేదలను ఉచితంగా చూసే ఆసుపత్రులు వస్తాయి. అక్కడ ఉచితంగా చూపించుకున్నవారికి కూడా ఫీజు కట్టినవారితో సమానంగా హక్కు ఉంటుంది. ఈఎస్ఐ ఆసుపత్రులు కూడా చట్టం పరిధిలోనివేనని 2007లో తీర్పు వచ్చింది. మన ప్రాంతపు కార్మిక కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవాలి.

కుటుంబాలు చేయవలసినవి

* జ్వరం ఎప్పుడు మొదలైంది, చలి వస్తున్నదా, ముందు ఎవరి వద్ద ఏ మందులు వాడారు అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆర్ఎంపీ వద్ద వేయించుకున్న ఇంజక్షన్ సంగతి కూడా చెప్పాలి.

* రెండు మూడు రోజులకు గుణం లేకపోతే "ఇంకేదైనా పరీక్ష అవసరమా?" అని మర్యాదగా, ధైర్యంగా అడగండి.

* ఆపరేషన్ కాగితం మీద సంతకం చేసేముందు ఏమి చేస్తారో, ప్రమాదం ఏమిటో, వేరే మార్గం ఉందో లేదో తెలుసుకోండి. ఇది రోగి హక్కు అని 2008లో సుప్రీం కోర్టు చెప్పింది.

* చీటీలు, బిల్లులు, రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ ఒక సంచిలో భద్రపరచండి. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం, ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్ళు ఉంచాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

* అన్యాయం జరిగిందనిపిస్తే రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు.

కోపంలో అద్దాలు పగలగొట్టడం, డాక్టరు మీద చేయి చేసుకోవడం వలన న్యాయం రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం అది నేరం. డాక్టరుకు జైలు శిక్ష పడాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని కూడా జేకబ్ మాథ్యూ తీర్పు చెబుతున్నది.

సుప్రీం కోర్టు వరకు వెళ్ళిన ఆ భర్తకు తీర్పు రావడానికి దాదాపు ఎనిమిదేళ్ళు పట్టింది. సరైన సమయంలో ఒక రక్తపు చుక్కను పరీక్షించి ఉంటే ఆ ఇంటికి కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం రాకపోయేదేమో. కాబట్టి ఈ వానాకాలంలో చలి జ్వరం వస్తే ఆలస్యం చేయకండి. వెంటనే వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి. వచ్చేటప్పుడు పాత చీటీలన్నీ వెంట తెచ్చుకోండి. మీరు అడిగే ప్రశ్న మాకు కష్టం కలిగించదు, మమ్మల్ని మెలకువగా ఉంచుతుంది.