పెట్రోలు యంత్రమా, బ్యాటరీ యంత్రమా?

గడ్డి కోత యంత్రము కొనునపుడు పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

ఎన్.టి.ఆర్. జిల్లా గంపలగూడెం మండలములోని పెనుగొలను గ్రామము పేరులోనే పెద్ద కొలను ఇమిడియున్నది. తిరువూరు ప్రాంతమున ఇటువంటి గ్రామములు అనేకము కలవు. మామిడి తోటలు, ప్రత్తి, మిరప చేలు ఈ ప్రాంతమునకు జీవనాధారములు. తొలకరి పడి నెల తిరుగునప్పటికి ఇట్టి గ్రామములలో పంచాయతీపై ఒక పని వచ్చి పడును. బడి ఆవరణలో, మురుగు కాలువల గట్లపై, చెరువు కట్టమీద, శ్మశానమునకు పోవు త్రోవలో మోకాలి ఎత్తున కలుపు లేచును. దూరమునుండి చూచువారికి అది పచ్చదనమే. కాని ఆ గుబురులలో త్రాచు, రక్తపింజరి చేరుటకు చోటు దొరకును. గట్టుమీది గడ్డి కాలువలోనికి వ్రాలి నీటికి అడ్డుపడగా దోమలు పెరుగును. చీకటి పడిన తరువాత ఆ దారిని నడచువారికి కాలు ఎక్కడ పెట్టుచున్నామో తెలియదు. కనుక ఈ కలుపు తీయుట అందము కొరకు చేయు పని కాదు; గ్రామారోగ్యమునకు సంబంధించిన పని.

వానకాలమున కొడవలి పట్టు కూలీలు దొరకుట కష్టము. అదే సమయమున చేలలో కలుపుతీతలు జరుగుచుండును. అందుచేత యంత్రము కొనవలెనను తీర్మానము పంచాయతీ సమావేశములలో వచ్చుచుండును. అంతవరకు అందరును ఏకీభవింతురు. పెట్రోలుతో నడచునది కొనవలెనా, బ్యాటరీతో నడచునది కొనవలెనా అను మాట వచ్చినప్పుడు అభిప్రాయములు రెండుగా చీలును. ఒకరు బలమును చూపుదురు. మరియొకరు పొదుపును చూపుదురు. ఇరువురి మాటలలోను నిజమున్నది. ఏ యంత్రము మంచిదను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. ఏ పనికి ఏది తగినదను ప్రశ్నకు మాత్రము సమాధానమున్నది. దానిని ఎవరైనను కాగితముపై లెక్క కట్టి తెలిసికొనవచ్చును.

మందు పిచికారి నేర్పిన పాఠము

రైతులకు ఈ ఎంపిక క్రొత్తది కాదు. మిరప, ప్రత్తి చేలలో మందు చల్లుటకు చేతిపంపులు పోయి బ్యాటరీ స్ప్రేయర్లు వచ్చినవి. మామిడి చెట్ల కొమ్మల వరకు మందు కొట్టవలసినచోట రైతులు తైవాన్ స్ప్రేయరని పిలుచు పెట్రోలు పంపును వాడుచున్నారు. ఒకే రైతు మిరపకు ఒకటి, మామిడికి మరియొకటి వాడుట కలదు. దీనికి కారణమేమి?

బ్యాటరీపై రెండు అంకెలు వ్రాసియుండును. ఒకటి వోల్టులు, రెండవది ఆంపియర్-గంటలు. ఈ రెంటిని గుణించినచో ఆ బ్యాటరీలో పట్టు విద్యుత్తు వాట్-గంటలలో వచ్చును. సాధారణ స్ప్రేయరులో 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల బ్యాటరీ యుండును. అనగా 96 వాట్-గంటలు. దానిలోని చిన్న మోటారు 24 వాట్లు తీసుకొనునెడల ఆ బ్యాటరీ 4 గంటలు పనిచేయును. రైతుకు ఒక పూటకు అది చాలును. మామిడి చెట్టు పైకి మందు నెట్టుటకు అంతకంటె ఎంతో ఎక్కువ బలము కావలెను. ఆ బలము నిచ్చునది పెట్రోలు. పని తేలికయైనచోట బ్యాటరీ, పని బరువైనచోట పెట్రోలు నిలిచినవి.

మొదటి ప్రశ్న: ఒకేమారు ఎంతసేపు?

ఈ లెక్కనే గడ్డి కోత యంత్రమునకు, అనగా బ్రష్ కట్టరుకు, వర్తింపజేయుదము. 36 వోల్టుల, 4 ఆంపియర్-గంటల బ్యాటరీలో 144 వాట్-గంటలుండును. నైలాన్ తాడుతో బడి ఆవరణలోని లేత గడ్డి కోయునపుడు మోటారు 250 వాట్లు తీసుకొన్నచో ఆ బ్యాటరీ సుమారు 35 నిమిషములు వచ్చును. ముదిరిన కలుపును ఇనుప రేకుతో కోయునపుడు 500 వాట్లు తీసుకొన్నచో 17 నిమిషములలోనే అయిపోవును. అనగా బరువు పనికి గంటకు ఇట్టి బ్యాటరీలు నాలుగు కావలెను.

పెట్రోలు సంగతి చూడుడు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9,000 వాట్-గంటల శక్తి యున్నది. చిన్న ఇంజనులో అధికభాగము వేడిగా పోయి, ఆరవ వంతు మాత్రమే పనికి వచ్చిన దనుకొన్నను 1,500 వాట్-గంటలు మిగులును. పైన చెప్పిన బ్యాటరీలు పదింటికి అది సమానము. ఊరికి కిలోమీటరు దూరమున, కరెంటు లేని చెరువు కట్టపై ఉదయమునుండి సాయంకాలము వరకు పనిచేయవలసియున్నచో, సీసాలో లీటరు పెట్రోలు తీసికొనిపోవుట సులభము. పది బ్యాటరీలు మోయుట సులభము కాదు.

రెండవ ప్రశ్న: సంవత్సరమునకు ఎన్ని గంటలు?

ఇక ఖర్చు. ఈ క్రింది ధరలు ఉదాహరణకు మాత్రమే. సభ్యులు తమ ఊరి ధరలు వేసికొనవలెను. యంత్రముల ధరలు సమానమని, పెట్రోలు యంత్రము గంటకు ఒక లీటరు త్రాగునని, లీటరు 110 రూపాయలని అనుకొందము. బ్యాటరీ యంత్రమునకు ఒక్కొక్కటి 6,000 రూపాయల చొప్పున 24,000 రూపాయలకు నాలుగు బ్యాటరీలు కొని, అవి 5 సంవత్సరములు వచ్చునని అనుకొందము. అప్పుడు బ్యాటరీల అరుగుదల సంవత్సరమునకు 4,800 రూపాయలు. గంట పనికి కరెంటు ఖర్చు 5 రూపాయలు.

సంవత్సరమునకు 100 గంటలు పనియున్నచో పెట్రోలుకు 11,000 రూపాయలు. బ్యాటరీకి 5,300 రూపాయలు. సగమునకు పైగా ఆదా. 20 గంటలే పనియున్నచో పెట్రోలుకు 2,200 రూపాయలు. బ్యాటరీకి 4,900 రూపాయలు. లెక్క తలక్రిందులైనది. సుమారు 46 గంటల వద్ద రెండును సమానమగును. బ్యాటరీ వాడినను వాడకున్నను కొన్నియేండ్లకు ముసలిదగును గనుక ఊరకే పడియున్న బ్యాటరీ నష్టము. పెట్రోలు యంత్రము ఎంత నడచిన అంత ఖర్చు.

ఈ రెండు ప్రశ్నలను కలిపి చూచినచో మార్గము కనబడును. బడి, ఆరోగ్య కేంద్రము, వీధుల ప్రక్కల, కాలువ గట్ల గడ్డిని వారమునకు మూడు దినములు, దినమునకు ఒక గంట చొప్పున ఆరు నెలలు కోసినచో 78 గంటలగును. ఇది కొద్దికొద్దిగా, తరచుగా, ఊరిలోనే జరుగు పని. దీనికి బ్యాటరీ యంత్రము తగినది. చెరువు కట్టను సంవత్సరమునకు రెండుమార్లు, ప్రతిమారు రెండు దినములు, దినమునకు 5 గంటలు కోసినచో 20 గంటలగును. ఇది అరుదుగా, ఎడతెగక, దూరమున జరుగు పని. దీనికి పెట్రోలు యంత్రము తగినది. కాని 20 గంటల పనికి సొంత యంత్రము అవసరమా అనికూడ ఆలోచింపవలెను. అద్దెకు తెచ్చుకొనవచ్చును; లేదా ఇరుగుపొరుగు పంచాయతీలు కలసి ఒకటి కొనవచ్చును.

మూలపడుటకు కారణములు

కొన్న సంవత్సరమునకే యంత్రము మూలపడుట పలుచోట్ల కనబడు సంగతి. దోషము చాలమారులు యంత్రమునది కాదు, పోషణది. పెట్రోలు యంత్రములలో అనేకము టూ స్ట్రోక్ ఇంజనులు. వీనికి పెట్రోలులో నూనె కలుపవలెను. 25 పాళ్లకు ఒక పాలా, 50 పాళ్లకు ఒక పాలా అనునది తయారీదారు పుస్తకములో ఉండును. నూనె తగ్గినచో ఇంజను పట్టివేయును. హెచ్చినచో పొగ చిమ్మును. 2025 నాటికి దేశమున విక్రయింపబడు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిలువయున్నచో కార్బురేటరు చెడును. కనుక పని ముగిసిన పిమ్మట ట్యాంకు ఖాళీచేసి, ఇంజను తనంతట ఆగువరకు నడిపి భద్రపరుపవలెను.

బ్యాటరీకి వేడి శత్రువు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు మించిన వేడిలో చార్జి చేయరాదు. ఎండలో పనిచేసి తెచ్చిన బ్యాటరీని వెంటనే చార్జరులో పెట్టక, నీడలో చల్లారనిచ్చి పెట్టవలెను. రేకుల షెడ్డులో నిలువయుంచరాదు. వేసవిలో పని లేనప్పుడు లిథియం బ్యాటరీని సగము చార్జితో ఉంచవలెను. స్ప్రేయర్లలో కొన్నిటికి ఉండు సీసపు బ్యాటరీని మాత్రము పూర్తి చార్జితో ఉంచి, నెలకొకమారు మరల చార్జి చేయవలెను. పాడైన బ్యాటరీని చెత్తకుప్పపై పారవేయుట ప్రమాదము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. కొనునాడే ఆ సంగతి అడిగి తెలిసికొనవలెను.

యంత్రము పట్టు చేతులు

లెక్కలో రూపాయలు కనబడును గాని కార్మికుని చెవులు కనబడవు. 85 డెసిబెల్ ధ్వనిలో దినమునకు 8 గంటలకు మించి పనిచేయుట వినికిడికి హానికరమని ఆరోగ్య నిపుణులు నిర్ణయించిరి. ధ్వని 3 డెసిబెల్ హెచ్చిన కొలది ఆ కాలము సగమునకు తగ్గును. పెట్రోలు బ్రష్ కట్టరు పట్టినవారి చెవివద్ద ధ్వని ఈ హద్దును సులభముగా దాటును. దాని అదురు ఏండ్ల తరబడి చేతికి సోకినచో వ్రేళ్లు తిమ్మిరెక్కి తెల్లబారు జబ్బు వచ్చును. పొగ నేరుగా ముఖమునకు తగులును. బ్యాటరీ యంత్రములో పొగ లేదు. మ్రోత, అదురు తక్కువ. బడి జరుగుచుండగా కూడ పాఠములకు అంతగా భంగము కలుగదు.

ఇతర దేశములు ఈ అంశమునే ముందుగా గుర్తించినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల మండలి లెక్క ప్రకారము, ఆకులు ఊదు పెట్రోలు యంత్రమును ఒక గంట నడుపుట వలన కలుగు కాలుష్యము, కారును సుమారు 1,100 మైళ్లు నడిపినదానితో సమానము. ఆ రాష్ట్రము 2021లో చట్టము చేసి, 2024 నుండి ఇట్టి క్రొత్త చిన్న పెట్రోలు ఇంజనుల అమ్మకమును చాలవరకు ఆపివేయుటకు పూనుకొన్నది. వాషింగ్టన్ నగరము ఊదు యంత్రములను 2022 జనవరి నుండి నిషేధించినది. మన గ్రామముల పరిస్థితులు వేరు. అయినను నిత్యము యంత్రము పట్టు మనిషి ఊపిరి ఎక్కడైనను ఒకటే.

యంత్రము ఏదైనను కంటి అద్దములు, చెవి కప్పులు, బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. రాళ్లు ఎగురును గనుక 15 మీటర్ల లోపల ఎవరిని, ముఖ్యముగా పిల్లలను, రానీయరాదు. వయ్యారిభామను యంత్రముతో కోసినచో మరల చిగుర్చును. పూతకు ముందే తొడుగులు వేసికొని వేళ్లతో పెరుకవలెను. సర్కారు తుమ్మ మొదలును భూమి లోపలివరకు త్రవ్వి తీయవలెను. పారకు, గడ్డపారకు ఇంకను పని తీరలేదు.

కొనుటకు ముందు

2021 నుండి 2026 వరకు 15వ ఆర్థిక సంఘము గ్రామ పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతము త్రాగునీరు, పారిశుద్ధ్యములకే కేటాయింపబడినది. ఏ నిధి అయినను అది గ్రామ ప్రజల ధనమే. కనుక తీర్మానమునకు ముందు గత సంవత్సరము ఏయే చోట్ల, ఎన్ని గంటల కోత పని జరిగినదో వ్రాసి గ్రామసభ ముందుంచుడు. మరమ్మతు తిరువూరులోనే దొరకునా, విజయవాడకు పోవలెనా అని విచారింపుడు. అదనపు బ్యాటరీ విడిగా అమ్ముదురా, దాని ధర ఎంత, హామీ ఎన్ని నెలలు అని అడుగుడు. యంత్రమును పట్టబోవు కార్మికుల చేతనే ముదురు కలుపుపై అరగంట నడిపించి చూడుడు. వారి భుజమునకు బరువైన యంత్రము పంచాయతీకి కూడ బరువే యగును.

కొన్న తరువాత ఒక పుస్తకము పెట్టి, నడచిన గంటలు, పోసిన పెట్రోలు, చేసిన చార్జి, మరమ్మతు ఖర్చు వ్రాయించుడు. రెండవ యంత్రము కొనవలసివచ్చిననాడు అంగడివాని మాటపై ఆధారపడనక్కరలేదు. మీ ఊరి పుస్తకమే మీకు సలహా చెప్పును.